చలికాలపు చుట్టాలు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



వారం క్రితం మన కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "ఏమండీ, ఈసారి సభలో మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. "ఏ విషయం మీద?" అని అడిగాను. "మీ ఇష్టం. రాజకీయాలు వద్దు, గంట దాటవద్దు" అన్నారు. నేను జీవితమంతా లెక్కలు వ్రాసి రిటైరైన గుమాస్తాను. నాకు సాహిత్యం తెలియదు, వేదాంతం తెలియదు. అందుచేత ఈ చలికాలంలో నలుగురు మిత్రులం కలిసి పిట్టలను చూడటానికి వెళ్ళిన ఒక రోజు సంగతి చెప్పి కూర్చుంటాను. అది పిట్టల కథే అయినా, మధ్యలో నా కథా, మనందరి కథా కొంత కలిసింది. దానికి నన్ను మన్నించాలి.

ఈ సంవత్సరం సంక్రాంతి వెళ్ళిన తర్వాత వచ్చిన ఆదివారం అది. బయలుదేరినవాళ్ళం ఎవరెవరమంటే - నేను, మీ అందరికీ తెలిసిన మన బట్టలకొట్టు షావుకారుగారు, మన డాక్టరుగారు, మా వీధిలో ఉండే ఒడియా మాస్టారు ఒకరు. ఆయన కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనారు. చెట్ల దగ్గర మొదలుపెట్టి చెట్ల మీది పక్షుల దగ్గరకు చేరిన మనిషి. వీరితో పాటు పదేళ్ళ మా మనవరాలు. "నేనూ వస్తా తాతా" అని ముందు రోజు రాత్రి చెప్పులు వేసికొనే పడుకొన్నది. ఇక వదిలిపెట్టి వెళ్ళే ధైర్యం ఎవరికుంటుంది?

తెల్లవారుజామున నాలుగు గంటలకు బరంపురంలో కారు ఎక్కాము. మంచు దట్టంగా ఉన్నది. షావుకారుగారు మఫ్లరు చుట్టుకొని, వెనక సీటులో పులిహోర గిన్నెను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. ఆయన ఆ రోజు అంత హుషారుగా లేరు. కారణం మాకు తెలుసు. ఆయన కుమారుడు హైదరాబాదులో స్థిరపడ్డాడు. "ఇల్లూ కొట్టూ అమ్మేసి ఇక్కడికి వచ్చేయండి నాన్నా, ఎన్నాళ్ళు పరాయిచోట?" అని ఏడాదిగా ఒకటే పోరు. బేరం కూడా వచ్చింది. సంతకం పెట్టడమే మిగిలింది.

రంభ, బాలుగాం దాటి, వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి, టాంగి దగ్గర పెద్ద రోడ్డు వదిలి మంగళాజోడి చేరేటప్పటికి తూర్పు ఎర్రబడింది. చిలక సరస్సుకు ఉత్తరపు అంచున ఉన్న ఊరు అది. చిలక అంటే మనం రైలు కిటికీలోనుంచి చూసే నీళ్ళే అనుకొంటాము. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100కు పైబడి విస్తరించే ఆ సరస్సులో ఒక్కొక్క మూల ఒక్కొక్క రకంగా ఉంటుంది. సముద్రం కలిసే చోట ఉప్పు. ఏళ్ళు వచ్చి పడే ఉత్తరాన మంచినీరు, రెల్లు, తుంగ, బురద. మంగళాజోడి ఈ మంచినీటి వైపుది.

అక్కడ ఇంజను పడవలు లేవు. అడుగు బల్లపరుపుగా ఉండే నాటు పడవలు, వాటిని తోసే వెదురు గెడలు. మా పడవవాడికి అరవై యేళ్ళు ఉంటాయి. సన్నని మనిషి, మాట తక్కువ. తుంగల మధ్య సన్నని కాలువలో గెడ వేస్తూ పోతుంటే, పక్షులు రెండు బారల దూరంలో కూడా మమ్మల్ని లక్ష్యపెట్టలేదు. నీలిరంగు నీటికోళ్ళు ఎర్రని కాళ్ళతో తుంగ దుంపలు పెరికి, చేత్తో పట్టుకొన్నట్లు పట్టుకొని తింటున్నవి. తామరాకుల మీద పొడుగు వేళ్ళ పక్షి ఒకటి నీళ్ళలో పడకుండా నడుస్తున్నది. ఒక మలుపు తిరిగేసరికి బురదమేట నిండా, పొడుగు కాళ్ళు, అంతకంటె పొడుగు ముక్కు ఉన్న గోధుమరంగు పక్షులు వేలకొద్దీ. అవి గాడ్విట్లని మాస్టారు చెప్పారు. ముక్కు మొదలంటా బురదలోకి దించి తీస్తున్నవి. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి లేచినప్పుడు, కొత్త కోరాగుడ్డ చించిన చప్పుడు వచ్చింది. ఈ పోలిక నాది కాదు, షావుకారుగారిది. పొద్దుటినుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

"ఇవన్నీ సైబీరియానుంచే కదండీ?" అన్నారు డాక్టరుగారు. మనమందరమూ అట్లాగే అనుకొంటాము. మాస్టారు నవ్వి, "అన్నీ కావు" అన్నారు. సూదితోక బాతులు, ఇంకా అనేక రకాల బాతులు హిమాలయాలకు అవతలినుంచి వచ్చేవి. తల మీద రెండు నల్లచారలున్న బాతు టిబెట్టు, మంగోలియా సరస్సులనుంచి వస్తుంది. శాస్త్రజ్ఞులు వాటికి చిన్న యంత్రాలు కట్టి చూస్తే, 7,000 మీటర్లకు మించిన ఎత్తున కూడా ఎగిరినట్లు తేలింది. అక్కడ చలికి సరస్సులు గడ్డకట్టి తిండి దొరకదు. అందుకని అక్టోబరు, నవంబరు నెలలలో ఇటు వస్తవి. మార్చిలో వెళ్ళిపోయి అక్కడే గూడు కట్టి గుడ్లు పెడతవి. "గూడు అక్కడ, గ్రాసం ఇక్కడ" అన్నారు మాస్టారు. కాని గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు అట్లా కాదు. అవి మన దేశంలోనే గూళ్ళు కట్టి పిల్లలను పెంచేవి. వానలనుబట్టి ఒక చెరువునుంచి ఇంకొక చెరువుకు తిరుగుతవి, అంతే. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులను కూడా మనం సైబీరియా కొంగలనడం పొరపాటు.

"అయితే ఏ పక్షికి ఏది సొంత ఊరో ఎట్లా తెలుస్తుంది?" అని మా మనవరాలు అడిగింది.

"గూడు కట్టి, పిల్లలను పెంచి, వాటికి ఎగరడం నేర్పిన చోటే పక్షికి సొంత ఊరు తల్లీ" అన్నారు మాస్టారు. ఆయన పిల్లకు చెప్పిన జవాబే అది. కాని షావుకారుగారు తల తిప్పి ఆయన వైపు చూశారు.

ఇంతలో పడవవాడు గెడ ఆపి, చెయ్యి చాచి, "చకువా" అన్నాడు. దూరాన గట్టుమీద బంగారు వన్నె బాతులు రెండు పక్కపక్కన నిలబడి ఉన్నవి. దుర్భిణిలో చూస్తే తల మాత్రం లేత గంధపు రంగు. మాస్టారు "చక్రవాకం" అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. చక్రవాకమంటే జక్కవ! చిన్నప్పుడు పంతులుగారు పద్యాలలో ఎన్నిమార్లు జక్కవల అర్థం చెప్పించారో! ప్రబంధకవులు వాటిని దేనితో పోల్చారో పెద్దలకు తెలుసు. పిల్లలకు ఇప్పుడే అక్కరలేదు. రాత్రి అయితే భార్యాభర్తలు విడిపోయి, తెల్లవార్లూ ఒకరినొకరు పిలుచుకొంటూ ఉంటవని కవిసమయం. ఈ పక్షులు ఎక్కువగా రాత్రివేళ మేస్తవట. చీకటిలో నీటి మీద వాటి పిలుపులు వినపడతవట. అందులోనుంచే ఆ కథ పుట్టిందేమో. జక్కవ అన్న మాట అరవై ఏళ్ళుగా నాకు తెలుసు. జక్కవను చూడటం మాత్రం ఆ రోజే - అని నేను అనుకొన్నాను. అది నిజం కాదని కాసేపటికే తెలిసింది.

మీరు ఒక సంగతి వినే ఉంటారు. ఒకప్పుడు మంగళాజోడి వేటగాళ్ళ ఊరు. వలలు, ఉచ్చులు, విషం, తుపాకులు అన్నీ వాడేవాళ్ళు. లక్షలుగా వచ్చే పక్షులు కొద్ది వేలకు పడిపోయినవి. 2000లో ఆ ఊరివాళ్ళే కొందరి ప్రోత్సాహంతో పక్షుల రక్షణకు ఒక సమితి పెట్టుకొని వేట మానేశారు. ఇప్పుడు మళ్ళీ లక్షకు పైగా వస్తున్నవి. వేటాడినవాళ్ళే కాపలాదార్లు, పడవవాళ్ళు, దారి చూపేవాళ్ళు అయినారు. ఏ పక్షి ఏ వేళకు ఎక్కడ వాలుతుందో వాళ్ళకంటె బాగా ఎవరికి తెలుస్తుంది?

మా పడవవాడూ ఆ పని చేసినవాడే. మాస్టారు అడిగితే దాచలేదు. "రాత్రి పట్టి, తెల్లవారకముందే బుట్టలో వేసికొని స్టేషనుకు పోయేవాళ్ళం బాబూ. పొద్దుటి పాసింజరులో కొనేవాళ్ళు ఉండేవాళ్ళు" అన్నాడు.

నేను నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను. 1980 ప్రాంతంలో నా ఉద్యోగం చిలక ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. ప్రతి శనివారం రైలులో ఇంటికి వచ్చేవాణ్ణి. చలికాలంలో ప్లాట్‌ఫారం చివర చీకట్లో గోనెగుడ్డ కప్పిన బుట్టలు ఉండేవి. కాళ్ళు కట్టేసిన బాతులు, జతకు ఇంత అని. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత కూడా చాటుమాటుగా ఆ వ్యాపారం సాగుతూనే ఉండేది. నేను చాలాసార్లు కొన్నాను. స్నేహితులకు విందులు కూడా చేశాను. ఆ బుట్టలో ఏ పక్షి ఉన్నదో, ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కనాడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం బంగారు వన్నెది ఒకటి కళ్ళు తెరిచి నావైపు చూసింది. బాగా గుర్తున్నది. అది జక్కవ అని నాకు అప్పుడు తెలియదు. పద్యంలో ఉన్న పక్షి బుట్టలో ఉంటుందని నాకు తోచనే లేదు.

చెప్పకుండా ఉండలేక, ఒడియాలో, "అట్లా కొన్నవాళ్ళలో నేనూ ఉన్నానయ్యా" అన్నాను. పడవలో అందరూ ఊరుకొన్నారు. మా మనవరాలు నా మొగంవైపు చూసింది. ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. పడవవాడు మాత్రం గెడ మీద బరువు మోపి, కాసేపు ఆలోచించి, "బేరం బాగా ఆడేవారా బాబూ?" అన్నాడు.

"ఆడేవాణ్ణి" అన్నాను.

"అయితే మావల్ల మీకూ, మీవల్ల మాకూ పెద్ద లాభమేమీ రాలేదన్నమాట" అని నవ్వి, మళ్ళీ గెడ వేశాడు. అమ్మినవాడు ఇతడు అవునో కాదో తెలియదు. కొన్నవాణ్ణి మాత్రం నేనే. అతడు పాతికేళ్ళుగా ఎండలో, మంచులో పక్షులను కాచి తన బాకీ తీర్చుకొంటున్నాడు. నేను నా బాకీకి ఇంతవరకు ఒక పైసా చెల్లు వేయలేదు. లెక్కలు వ్రాసినవాణ్ణి కనుక ఆ మాట నాకు మరీ గుచ్చుకొన్నది.

పది గంటలకు తిరుగుదారి పట్టాము. కోతలైన వరిచేల మీద మంచు విడిపోతున్నది. కరెంటు తీగలమీద బారెడుకొక ఏట్రింత. గట్టుమీద తీతువులు మమ్మల్ని చూసి గోల పెట్టినవి. ఒక తాటిమొద్దు మీద పాలపిట్ట దుమ్ముకొట్టినట్లు కూర్చుని, ఎగిరేసరికి రెక్కలలో నీలమంతా విప్పింది. దసరానాడు దాన్ని చూడాలని పొలాలవెంట తిరిగిన రోజులు డాక్టరుగారికి జ్ఞాపకం వచ్చినవి. "మా నీలకంఠం మీకూ శుభమేనా?" అన్నారు మాస్టారు. శుభమే కాదు, ఒడిశాకూ తెలంగాణకూ కూడా అదే రాష్ట్రపక్షి.

రంభ దగ్గర కొండలు సరస్సులోకి దిగివస్తవి. అక్కడి పొదల పక్కన చెట్టు నీడన భోజనాలు. పులిహోర, దద్దోజనం; మాస్టారి ఇంటినుంచి ఛెనాపోడ. పొదలలో పిగిలిపిట్టలు, జెముడుకాకి. కింద నీటిలో కర్రలమీద రెక్కలు ఆరవేసికొన్న నీటికాకులు. తింటూ మాస్టారు చిలక కథ చెప్పారు. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ పట్టికలో మన దేశంనుంచి మొట్టమొదట చేరినవి చిలకా, భరత్‌పూరూను. తర్వాత సముద్రపు నోరు ఇసుకతో పూడి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయినవి. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న సరస్సుల జాబితాలో వేశారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త నోరు తవ్వారు. ఉప్పు నీరు తిరిగి వచ్చింది, చేప తిరిగి వచ్చింది, 2002లో ఆ జాబితానుంచి పేరు తీసివేశారు. ఇటీవలి జనవరి లెక్కలలో చిలక మొత్తంమీద పక్షులు 11 లక్షలకు పైబడుతున్నవి. నోరు మూసుకుపోతే సరస్సైనా బతకదు.

నేను మా అమ్మ మాట ఒకటి చెప్పాను. అమ్మది ఇచ్ఛాపురం వైపు. అక్కడి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు తొలకరికి వచ్చి, ఊరి చెట్లమీదే గూళ్ళు కట్టి, చలికాలం మొదట్లో పిల్లలతో వెళ్ళిపోతవి. వాటి ముక్కు మధ్య సందు ఉంటుంది. నత్తలను తిని వరిచేలకు మేలు చేస్తవి. చెట్ల కింద కంపు భరించలేక నేను చిన్నప్పుడు రాయి తీస్తే అమ్మ చెయ్యి పట్టుకొని, "పురిటికి వచ్చిన ఆడపిల్లలను ఎవరైనా తరుముతారట్రా?" అన్నది. అంతటి తల్లి కడుపున పుట్టి ప్లాట్‌ఫారం మీద బేరమాడాను!

సాయంకాలం నాలుగింటికి గంజాం ఊరు చేరి, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి నడిచాము. ఫిబ్రవరి, మార్చి నెలలలో లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది. ఆ వేళ ఇసుకమేట మీద తెల్లని సముద్రపు పక్షులు గాలికి ఎదురు తిరిగి వరుసగా కూర్చుని ఉన్నవి. అలల అంచున పిడికెడంత బూడిదరంగు పిట్టలు, అల వెనక్కి పోతే పరుగెత్తి, అల వస్తే వెనక్కి పరుగెత్తి, ఏరుకు తింటున్నవి. వాటి పేరు మాలో ఎవరికీ తెలియలేదు. మాస్టారు ఇంగ్లీషు పేరు చెప్పారు. "తెలుగులో ఏమంటారు తాతా?" అన్నది మా మనవరాలు. నేను తెల్లమొగం వేశాను.

వల బాగుచేసికొంటున్న ఒక ముసలమ్మ మా మాటలు విని, "ఉల్లంకి పిట్టలు గదా బాబూ! ఆ మాత్రం తెలీదేటి?" అన్నది.

ఆ తీరంలో మన తెలుగు జాలరులు తరతరాలుగా ఉన్నారని మీకు తెలుసు. బడి తెలుగులో లేదు, బజారు తెలుగులో లేదు; పడవలో, వంటింట్లో మాత్రం ఉన్నది. ఆమె మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని, పైన తిరుగుతున్న తెల్లతల ఎర్రరెక్కల పక్షిని చూపి, "గరుడపచ్చి. దండం ఎట్టు" అన్నది. పిల్ల దండం పెట్టింది.

జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1836లో ఉద్యోగానికి వచ్చి, మొదట ఈ గంజాం జిల్లాలోనే జ్వరాలు పడిన సిపాయిలకు మందులిస్తూ ఇక్కడి పక్షులను చూడటం మొదలుపెట్టాడు. తర్వాత నెల్లూరులో పనిచేశాడు. 1862-64 మధ్య అచ్చయిన తన పెద్ద గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లు కూడా వ్రాసిపెట్టాడు. ఇటువంటి జాలరులు, వేటగాళ్ళు, కాపులు చెప్పినవే అవి. ఆ పరాయివాడు అడిగి వ్రాసికొన్న మాటలను మనం మన పిల్లలకు చెప్పలేకపోతున్నాము. ఇందులో ఒడియావారి తప్పు లేదు, ఇంగ్లీషు బడుల తప్పూ అంతగా లేదు. మనం అడగలేదు, వాళ్ళకు చెప్పలేదు.

షావుకారుగారు ముసలమ్మను, "మీది ఏ ఊరు అమ్మా?" అని అడిగారు. మనందరం ఒకరినొకరం అడిగే ప్రశ్నే. దానికి మనం చెప్పే జవాబు మీకు తెలుసు. షావుకారుగారు పుట్టింది బరంపురంలో. ఆయన తండ్రి పుట్టిందీ బరంపురంలోనే. అప్పటికి అది మదరాసు రాజధానిలో ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు వారు కదలలేదు, ఎల్లలే కదిలినవి. అయినా ఎవరైనా అడిగితే ఆయన ఏనాడో తాతలు విడిచి వచ్చిన ఊరి పేరు చెబుతారు.

ముసలమ్మ వింతగా చూసి, గుడిసెలవైపు చెయ్యి చూపి, "ఇదే" అన్నది. ఇంకేమీ చెప్పలేదు. వల పని చూసికొన్నది.

చీకటి పడ్డాక తిరిగి వచ్చాము. కారులో మా మనవరాలు ఆ రోజు నేర్చుకొన్న పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఒక నోటుపుస్తకంలో వ్రాసికొన్నది. మధ్యలో తల ఎత్తి, "తాతా, నువ్వు కొన్న జక్కవకు జత ఉండి ఉంటుంది కదూ?" అన్నది. "ఉండి ఉంటుంది" అన్నాను. అంతకంటె చెప్పడానికి ఏమున్నది? అది కూడా ఆమె వ్రాసికొన్నదేమో నేను చూడలేదు.

షావుకారుగారు ఇంటిముందు దిగి, ఖాళీ గిన్నె చంకలో పెట్టుకొని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు. "వచ్చే సంక్రాంతికి ఇంకొంచెం ముందుగా బయలుదేరుదాం. మూడున్నరకే లేవండి" అన్నారు. ఇంటి బేరం సంగతి మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని నన్ను కోపంగా చూస్తున్నారు కనుక నేనూ ఇంతటితో ఆపుతాను.

సభవారికి నా మనవి రెండే మాటలు. మన ఆదివారపు తెలుగు తరగతిలో అక్షరాలతో పాటు పిట్టల పేర్లు, చెట్ల పేర్లు, చేపల పేర్లు కూడా నేర్పండి. అవి చెప్పగల పెద్దవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. పుస్తకాల కోసం ఎదురుచూడనక్కరలేదు. వచ్చే చలికాలంలో ఒక ఆదివారం పిల్లలను చిలకకు తీసుకొని వెళ్ళండి. పడవ ఖర్చు ఒక ఏడాదికి నేను పెట్టుకొంటాను. ఇది దానం కాదు. పాత బాకీలో మొదటి వాయిదా.

ఈ ఉగాదినాటికి జక్కవలు చిలక విడిచి ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటవి. ఏప్రిల్ నడుమ మన ఇరుగుపొరుగువారి పణా సంక్రాంతి వస్తుంది; వారి కొత్త సంవత్సరానికి మనం పానకం త్రాగుతాము. అక్టోబరుకు చుట్టాలు మళ్ళీ వస్తారు. అప్పటికి మన పిల్లలు వారిని పేరు పెట్టి పిలవగలిగితే చాలు.